80 దగ్గర బండి ఎలా లాగుతుంది? హైవే కోసం నేకెడ్ బైకు ఎంచుకునేవాళ్లకి

నేకెడ్ బైకు, అంటే ముందు గాలిని కాసే కవచం (ఫెయిరింగ్) లేని బండి, కొనడానికి షోరూమ్‌కి వెళ్లినవాళ్లు అడిగేవి మూడు ప్రశ్నలు: ఎన్ని సీసీ, పికప్ ఎలా ఉంటుంది, టాప్ స్పీడ్ ఎంత. ఊళ్లో తిరగడానికి ఇవి చాలు. నెలకి రెండుసార్లు హైదరాబాద్ నుంచి విజయవాడకో, విజయవాడ నుంచి విశాఖకో వెళ్లేవాళ్లు మాత్రం వీటికంటే ముందు ఇంకోటి తేల్చుకోవాలి. టాప్ గేర్‌లో 80 దగ్గర ఇంజిన్ ఎన్ని ఆర్‌పీఎం (నిమిషానికి ఎన్ని చుట్లు) తిరుగుతోంది? అక్కడ యాక్సిలరేటర్ తిప్పితే బండి లాగుతుందా, రెండు గేర్లు దించమని అడుగుతుందా?

80 అనే అంకె ఊరికే పట్టుకున్నది కాదు. 2018లో కేంద్రం ఇచ్చిన నోటిఫికేషన్ ప్రకారం నాలుగు వరసల డివైడర్ రోడ్ల మీద మోటార్‌సైకిల్ గరిష్ఠ వేగం గంటకి 80 కి.మీ., మున్సిపల్ పరిధిలోనూ మామూలు రోడ్ల మీదా 60. అలాంటప్పుడు బండి 160 అందుకుంటుందా అన్నది కాగితం మీది ముచ్చటే. రోజంతా మీరు ఉండేది 70కీ 90కీ మధ్యలో. అక్కడ హాయిగా ఉండే బండి కావాలి.

ఇక గాలి. ఫెయిరింగ్ లేని బండి మీద గాలి తగిలేది మీ ఛాతీకే. గాలి తోపు వేగానికి వర్గంగా పెరుగుతుంది. 80 నుంచి 100కి వెళ్తే వేగం పెరిగింది పావు వంతే, ఛాతీ మీద తోపు మాత్రం ఒకటిన్నర రెట్లు దాటుతుంది. 120 దగ్గర రెండుంపావు రెట్లు. ఆ తోపుని తట్టుకోవడానికి ఇంజిన్ ఖర్చుపెట్టే శక్తి ఇంకా వేగంగా పెరిగి, 80తో పోలిస్తే 100 దగ్గర దాదాపు రెట్టింపు అవుతుంది. లెక్క వేస్తే, నిటారుగా కూర్చున్న మనిషితో చదును రోడ్డు మీద 100 నిలబెట్టడానికి సుమారు 10 నుంచి 12 పీఎస్ (హార్స్‌పవర్ లాంటి శక్తి కొలత) చాలు. అంటే 20 పీఎస్ ఉన్న రాయల్ ఎన్‌ఫీల్డ్ హంటర్ 350 కూడా 100లో వెళ్లగలదు. తేడా తెలిసేది ఎత్తు ఎక్కేటప్పుడు, ఎదురుగాలిలో, లారీని దాటేటప్పుడు. ఆ క్షణంలో మిగిలి ఉన్న శక్తికే మీరు డబ్బు కడుతున్నది.

ఎదురుగాలిని తక్కువగా చూడొద్దు. గంటకి 20 కి.మీ. గాలి ఎదురొస్తే, మీరు 80లో ఉన్నా బండికి తగిలేది 100 గాలి. జూన్ నుంచి ఆగస్టు దాకా ఎన్‌హెచ్ 44 మీద కర్నూలు, అనంతపురం మైదానాల్లో బెంగళూరు వైపు వెళ్తుంటే గాలి కుడి పక్క నుంచి కొడుతుంది. ఆ దారిలో గాలిమరలు పెట్టింది అందుకే.

అంకెలు ఒకచోట చూద్దాం. మన రోడ్ల మీద హైవే కోసం ఎక్కువమంది పోల్చి చూసే ఐదు బండ్లు ఇవి. టార్క్ అంటే ఇంజిన్ తిప్పే బలం, ఎన్ఎం దాని కొలత. శక్తి, టార్క్ పక్కన ‘దగ్గర’ అని ఉన్నది అవి శిఖరం అందుకునే ఆర్‌పీఎం. వీల్‌బేస్ అంటే రెండు చక్రాల ఇరుసుల మధ్య దూరం.

| బండి | ఇంజిన్ | శక్తి | టార్క్ | బరువు | ట్యాంకు | వీల్‌బేస్ |
|---|---|---|---|---|---|---|
| కేటీఎం 390 డ్యూక్ (మూడో తరం) | 399 సీసీ | 46 పీఎస్, 8,500 దగ్గర | 39 ఎన్ఎం, 6,500 దగ్గర | 168 కిలోలు | 15 లీ. | 1357 మి.మీ. |
| ట్రయంఫ్ స్పీడ్ 400 | 398 సీసీ | 40 పీఎస్, 8,000 దగ్గర | 37.5 ఎన్ఎం, 6,500 దగ్గర | 176 కిలోలు | 13 లీ. | 1377 మి.మీ. |
| రాయల్ ఎన్‌ఫీల్డ్ గెరిల్లా 450 | 452 సీసీ | 40 పీఎస్, 8,000 దగ్గర | 40 ఎన్ఎం, 5,500 దగ్గర | 185 కిలోలు | 11 లీ. | 1440 మి.మీ. |
| బజాజ్ డామినార్ 400 | 373 సీసీ | 40 పీఎస్, 8,800 దగ్గర | 35 ఎన్ఎం, 6,500 దగ్గర | 193 కిలోలు | 13 లీ. | 1453 మి.మీ. |
| రాయల్ ఎన్‌ఫీల్డ్ హంటర్ 350 | 349 సీసీ | 20.2 పీఎస్, 6,100 దగ్గర | 27 ఎన్ఎం, 4,000 దగ్గర | 181 కిలోలు | 13 లీ. | 1370 మి.మీ. |

ఈ పట్టికలో అందరి కళ్లూ పడేది శక్తి వరస మీద. హైవే కోసం చూడాల్సింది టార్క్ వరసలో, అంకె పక్కన ఉన్న ఆర్‌పీఎం. గెరిల్లా టార్క్ 5,500కే శిఖరం అందుకుంటుంది, స్పీడ్ 400కీ డ్యూక్‌కీ అది ఇంకో వెయ్యి పైన ఉంది. కారణం సిలిండర్‌లో కనిపిస్తుంది. డ్యూక్, స్పీడ్ 400 రెండిటికీ బోర్ (సిలిండర్ వెడల్పు) 89, స్ట్రోక్ (పిస్టన్ కదిలే లోతు) 64 మి.మీ. వెడల్పు ఎక్కువ, లోతు తక్కువ, కాబట్టి పైకి తిరగడమే వాటికి ఇష్టం. గెరిల్లాకి 84, 81.5. హంటర్‌కి బోర్ 72 మాత్రమే, స్ట్రోక్ 85.8, కింది ఆర్‌పీఎంలో లాగుతుంది, పైన ఊపిరి అందదు.

ఇక్కడ చాలామంది పొరబడే మాట ఒకటుంది: ఆర్‌పీఎం తక్కువ కాబట్టి ఇంజిన్‌కి శ్రమ తక్కువ అని. స్ట్రోక్ పొడుగైతే ఒక్కో చుట్టుకి పిస్టన్ తిరిగే దూరమూ పెరుగుతుంది. 5,000 ఆర్‌పీఎం దగ్గర హంటర్ పిస్టన్ సగటు వేగం సెకనుకి 14.3 మీటర్లు, అదే ఆర్‌పీఎంలో స్పీడ్ 400ది 10.7. కాబట్టి ‘‘ఇది ఆరు వేలు తిరుగుతోంది, అది ఐదు వేలే’’ అని వేర్వేరు ఇంజిన్లని పోల్చడం చెల్లదు. ఒక్కో ఇంజిన్‌ని దాని సొంత శిఖరంతోనే పోల్చాలి. 80 దగ్గరి ఆర్‌పీఎం, టార్క్ శిఖరం ఉన్న ఆర్‌పీఎంలో 65 నుంచి 85 శాతం మధ్య పడితే ఆ బండి హైవేకి కుదిరినట్టే. అంతకంటే కిందైతే ప్రతి ఓవర్‌టేక్‌కీ గేర్ దించాలి, పైనైతే వణుకు, చప్పుడు, పెట్రోలు ఖర్చు.

గేరింగ్‌ని కాగితం మీద లెక్కేయడం

రెండో తరం 390 డ్యూక్‌ని తీసుకుందాం. 373 సీసీది, సెకండ్ హ్యాండ్‌లో బాగా దొరికేది. ప్రైమరీ (ఇంజిన్ నుంచి క్లచ్‌కి తిప్పే గేర్లు) 30కి 80 పళ్లు, ఆరో గేరు 25కి 21, స్ప్రాకెట్లు (చైన్ తిరిగే పళ్ల చక్రాలు) ముందు 15, వెనక 45. గుణిస్తే 2.667 × 0.84 × 3 = 6.72. వెనక టైరు 150/60-17, ఒక చుట్టు తిరిగితే నడిచేది సుమారు 1.9 మీటర్లు. ఈ టైరుకి సూత్రం చిన్నది: వేగం × 8.77 × మొత్తం నిష్పత్తి. 80 దగ్గర సుమారు 4,700 ఆర్‌పీఎం, 100 దగ్గర 5,900.

ఆ ఇంజిన్ టార్క్ శిఖరం 7,000. 80 దగ్గర అది శిఖరంలో మూడింట రెండొంతుల మీద, అంటే పైన చెప్పిన 65 శాతం అంచుకి కాస్త పైన మాత్రమే ఉంది. చదును రోడ్డు మీద నిమ్మళంగా వెళ్తుంది, కానీ లారీ అడ్డొస్తే ఆరో గేరులో యాక్సిలరేటర్ తిప్పి కూర్చుంటే పని జరగదు. ఐదులో 5,400, నాలుగులో 6,400 అవుతుంది. రెండు గేర్లు దించితేనే బండి అసలు రంగు బయటపడుతుంది. డ్యూక్ హైవేకి పనికిరాదనేవాళ్లలో సగం మంది ఆ రెండు గేర్లూ దించనివాళ్లే.

షోరూమ్ టెస్ట్ రైడ్‌లో 80 అందుకునే రోడ్డు దొరక్కపోవచ్చు. అక్కర్లేదు. ఒకే గేరులో ఆర్‌పీఎం వేగంతో సమానంగా పెరుగుతుంది. టాప్ గేర్‌లో 60 దగ్గర చూసిన అంకెని మూడుతో భాగించి నాలుగుతో గుణిస్తే 80 దగ్గరిది వచ్చేస్తుంది. వేగం మాత్రం ఫోన్ జీపీఎస్‌లో చూడండి, కంపెనీ మీటర్లు కాస్త ఎక్కువే చూపిస్తాయి. ఫోన్ చూసే పని వెనక కూర్చున్నవాళ్లది. హంటర్‌కి టాకోమీటరే (ఆర్‌పీఎం చూపే మీటరు) లేదు. దాని దగ్గర చెవినీ పాదాల కింద వణుకునీ నమ్ముకోవాల్సిందే.

ఓవర్‌టేక్ లెక్క కూడా ఒకసారి చూసుకోండి. 60లో వెళ్తున్న లారీని మీరు 80లో దాటాలంటే, లారీ పొడవు, ముందూ వెనకా వదిలే ఖాళీ కలిపి 50 మీటర్లు అనుకుంటే 9 సెకన్లు పడుతుంది. ఆ 9 సెకన్లలో మీరు 200 మీటర్లు వెళ్తారు. ఎదురుగా 80లో వచ్చే కారూ 200 మీటర్లు వస్తుంది. డివైడర్ లేని రోడ్డు మీద కనీసం 400 మీటర్లు ఖాళీగా కనిపిస్తేనే వెళ్లాలన్నమాట.

స్ప్రాకెట్ మార్చాలా, బండే మార్చాలా?

‘‘ముందు స్ప్రాకెట్‌కి ఒక పన్ను పెంచేయ్, హైవేలో హాయిగా ఉంటుంది’’ అనే సలహా ప్రతి మెకానిక్ షెడ్డులోనూ వినిపిస్తుంది. అందులో నిజం ఉంది, ఖర్చూ ఉంది.

పై డ్యూక్‌కే 15 తీసి 16 వేస్తే ఆర్‌పీఎం 6 శాతం పైచిలుకు తగ్గుతుంది. 100 దగ్గర 5,900 కాస్తా 5,530. 80 దగ్గర 4,420. వణుకు కొంచెం తగ్గినట్టు తెలుస్తుంది. బదులుగా పోయేవి: ఫస్ట్ గేరు పొడుగై ట్రాఫిక్‌లో క్లచ్ ఎక్కువసేపు జారించాల్సి వస్తుంది, ఆరో గేరులో 60 దగ్గర 3,300 మీద ఇంజిన్ దడదడలాడి చైన్‌ని కుదుపుతుంది, ఇద్దరు ఎక్కి ఎదురుగాలి వస్తే ఆరో గేరు అలంకారమే. టాప్ స్పీడూ పెరగదు, గాలి ఆపేస్తుంది. అటు 14 వేస్తే 7 శాతం పెరిగి 100 దగ్గర 6,300. ఘాట్‌లో, సిటీలో బండి ఎగిరి దూకుతుంది, హైవేలో తల నొప్పి పుడుతుంది. 14తో ఇంకో చిక్కు: చైన్ చుట్టు చిన్నదై స్వింగ్ ఆర్మ్ (వెనక చక్రాన్ని పట్టే చెయ్యి) మీది ప్లాస్టిక్ పట్టీకి రాసుకుంటుంది. నెలకోసారి ఆ పట్టీని చూస్తుండాలి.

చిన్న మార్పు చాలనుకుంటే వెనక స్ప్రాకెట్ మేలు. 15కి 45 ఉన్నచోట ముందు ఒక పన్ను అంటే వెనక మూడు పళ్లతో సమానం. వెనక 45 తీసి 43 వేస్తే 4 శాతం పైన తగ్గుతుంది. ఒక పన్ను మారిస్తే వెనక ఇరుసు సుమారు 4 మి.మీ. జరగాలి. ముందు ఒకటి పెంచితే ఇరుసు 4 మి.మీ. ముందుకి, వెనక రెండు తగ్గిస్తే 8 మి.మీ. వెనక్కి. చైన్ బిగించే అడ్జస్టర్‌లో అంత చోటుందో లేదో కొనకముందే స్కేలు పెట్టి చూడండి. సాగిపోయిన చైన్‌తో అడ్జస్టర్ ఇప్పటికే చివరకి వచ్చి ఉంటే వెనక పళ్లు తగ్గించడం కుదరదు.

పాత చైన్ మీద కొత్త స్ప్రాకెట్ వేయడం శుద్ధ దండగ. సాగిన చైన్ కొత్త పళ్లని వేల కిలోమీటర్ల ముందే తినేస్తుంది. వెనక స్ప్రాకెట్ చివర, అంటే బండికి బాగా వెనక వైపున చైన్‌ని వేళ్లతో పట్టి లాగండి. సగం పన్ను బయటపడిందంటే చైన్, రెండు స్ప్రాకెట్లు కలిపి సెట్టే మార్చాలి. పని మొదలుపెట్టేటప్పుడు చైన్ వదులు చేయకముందే, వెనక బ్రేకు ఒకరు తొక్కి పట్టుకోగా ముందు స్ప్రాకెట్ బోల్టుని కదిలించుకోవాలి. చైన్ తీసేశాక అది కదలదు, గేరుబాక్సుని పట్టుకుని కుస్తీ పట్టాల్సి వస్తుంది.

స్పీడ్ సెన్సర్ చక్రం దగ్గర ఉన్న బండ్లలో పళ్లు మార్చినా మీటరు తప్పు చూపదు. సెన్సర్ గేరుబాక్సు దగ్గరున్న పాత మోడళ్లలో తప్పు చూపుతుంది.

తీర్పు చెప్పాలంటే: ఒక పన్ను మార్పు బండి స్వభావాన్ని 6, 7 శాతం జరుపుతుంది, అంతే. డ్యూక్‌ని గెరిల్లాగా మార్చదు. 100 దగ్గర వెయ్యి ఆర్‌పీఎం తగ్గాలన్నది మీ కోరికైతే, మీరు కొనాల్సింది వేరే బండి.

తిప్పితే తిరిగేది, వదిలితే నిలిచేది

హ్యాండ్లింగ్ విషయానికొస్తే, చురుకుదనం, నిలకడ ఒకే తక్కెడకి రెండు పళ్లేలు. రేక్ అంటే ముందు ఫోర్కు వాలు, అది తగ్గితే బండి చురుగ్గా తిరుగుతుంది. ట్రెయిల్ అంటే స్టీరింగ్ ఇరుసు గీత నేలని తాకే చోటుకీ టైరు తాకే చోటుకీ మధ్య దూరం. రెండో తరం డ్యూక్‌కి రేక్ 25 డిగ్రీలు, ట్రెయిల్ 95 మి.మీ. స్పీడ్ 400కి రేక్ 24.6, ట్రెయిల్ 102. రేక్ చూస్తే స్పీడ్ 400 ఇంకా చురుగ్గా ఉండాలి. కానీ చక్రాన్ని తిన్నగా నిలబెట్టేది ట్రెయిల్. ఆ 7 మి.మీ. తేడా, 20 మి.మీ. వీల్‌బేస్ తేడా కలిసి స్పీడ్ 400ని హైవే మీద కాస్త స్తిమితంగా ఉంచుతాయి. డ్యూక్ మీరు అనుకున్నంతలోనే తిరుగుతుంది. లారీ దాటేటప్పుడు తగిలే గాలి దెబ్బకీ అంతే త్వరగా స్పందిస్తుంది.

డామినార్ దీనికి పూర్తిగా అవతలి ఒడ్డు. 193 కిలోలు, 1453 వీల్‌బేస్. రావులపాలెం దగ్గర గౌతమి వంతెన మీద అడ్డగాలిలో అది పెద్దగా కదలదు. అదే బండిని ఊళ్లో ఇరుకు సందులో యూటర్న్ తిప్పమంటే చెమట పట్టిస్తుంది. 2021 అక్టోబరు నుంచి పొడుగాటి విండ్‌స్క్రీన్, హ్యాండ్ గార్డులు, క్యారియర్, బ్యాగుల ఫ్రేములు కంపెనీయే బిగించి ఇస్తోంది. ఇప్పుడు అది నేకెడ్ కాదనేవాళ్లున్నారు, ఆ వాదనలో బలముంది. రోజుకి 400 కి.మీ. తోలేవాళ్లకి ఆ వాదనతో పనిలేదు.

ఘాట్లలో లెక్క తిరగబడుతుంది. మారేడుమిల్లి మలుపుల్లోనూ, నల్లమల మీదుగా శ్రీశైలం వెళ్లే రోడ్డు మీదా వెడల్పు హ్యాండిల్ ఉన్న తేలిక బండే రాజు. అక్కడ డ్యూక్ మూడో గేరులో ఉండి మలుపు మలుపుకీ వేళ్లతో నెట్టినంతలో ఒరుగుతుంది. కుడి మలుపుకి కుడి హ్యాండిల్‌ని, ఎడమ మలుపుకి ఎడమ హ్యాండిల్‌ని ముందుకి నెట్టాలి. బండి ఒరగడం మొదలయ్యేది అక్కడే. దిగేటప్పుడు ఒక గేరు తక్కువలో ఉండి ఇంజిన్‌తోనే వేగం ఆపాలి. స్లిప్పర్ క్లచ్ (గేరు దించినప్పుడు తగిలే కుదుపుని జారించే క్లచ్) లేని బండిలో గబుక్కున రెండు గేర్లు దించితే వెనక చక్రం తడబడుతుంది. పట్టికలో మొదటి నాలుగు బండ్లకీ ఆ క్లచ్ ఉంది. హంటర్‌కి 2025 మోడల్ నుంచి వచ్చింది, పాతది కొనేవాళ్లు గుర్తుంచుకోవాలి.

80, 90 దగ్గర బండి ఊగుతోందని బండినే తిట్టేముందు మూడు చూసుకోండి. మొదటిది మీ చేతులు. గాలి ఛాతీని వెనక్కి నెడుతుంటే పడిపోకుండా హ్యాండిల్ పట్టుకుని వేలాడతారు. గాలి దెబ్బలన్నీ చేతుల గుండా ముందు చక్రానికి చేరతాయి. మోకాళ్లతో ట్యాంకుని నొక్కి, నడుము నుంచి కాస్త ముందుకి వంగి, మోచేతులు వదులుగా ఉంచితే సగం ఊగుడు పోతుంది. రెండోది వెనక బరువు. వెనక చక్రం ఇరుసుకంటే వెనక్కి, ఎత్తుగా కట్టిన పెట్టె ముందు చక్రాన్ని తేలిక చేస్తుంది. బరువైన సామాను ట్యాంకు మీది సంచిలో, తేలిక బట్టలు వెనక ఉండాలి. మూడోది స్టీరింగ్ బేరింగులు. బండిని స్టాండెక్కించి ముందు చక్రం గాలిలో ఉండగా ఫోర్కు కింది చివరలు పట్టి ముందుకీ వెనక్కీ లాగండి. టక్కుమంటే వదులు. హ్యాండిల్ మెల్లగా తిప్పితే నడిమధ్యలో చిన్న గాడిలో పడినట్టు ఆగితే బేరింగు అయిపోయింది. గుంటల రోడ్ల మీద తిరిగిన సెకండ్ హ్యాండ్ బండిలో ఈ పరీక్ష తప్పదు.

సస్పెన్షన్‌లో సర్దుకునే వీలు మూడో తరం డ్యూక్‌కి ఎక్కువ: ముందు కంప్రెషన్ (కుంగే వేగం), రీబౌండ్ (తిరిగి లేచే వేగం) క్లిక్కులు, వెనక ప్రీలోడ్ (స్ప్రింగు బిగువు), రీబౌండ్. స్పీడ్ 400లో వెనక ప్రీలోడ్ మాత్రమే. ఆ ఒక్కటైనా వాడేవాళ్లు తక్కువ. వెనక మనిషి ఎక్కితే రెండు మెట్లు బిగించాలి. లేకపోతే వెనక కుంగి, ముందు తేలి, హెడ్‌లైట్ ఎదుటివాళ్ల కళ్లలో పడుతుంది.

ట్యాంకు సంగతి ఒక్క మాటలో తేల్చలేం. హైదరాబాద్ నుంచి విజయవాడ సుమారు 275 కి.మీ. లీటరుకి 28 లెక్కన గెరిల్లా 11 లీటర్లు కాగితం మీద 308 కి.మీ. వస్తాయి. ఎదురుగాలిలో, ఇద్దరితో 24కి పడిపోతే 264. సూర్యాపేటలో నింపుకోవాల్సిందే. డ్యూక్ 15 లీటర్లతో అదే 24 లెక్కలో 360 కి.మీ. వెళ్తుంది. అందరూ ఆటల బండి అనుకునే డ్యూక్‌కే ఈ గుంపులో పెద్ద ట్యాంకు ఉండటం విచిత్రమే.

మరి ఏది?

వారమంతా ఊళ్లో, నెలకి ఒకసారి హైవే, 80 దాటని మనిషి అయితే హంటర్ చాలు. 2025 సెప్టెంబరు 22 నుంచి 350 సీసీ లోపు బండ్లకి జీఎస్టీ 18 శాతం, ఆ పైవాటికి 40. ఆ తేడాతో మంచి హెల్మెట్, జాకెట్, చెవి ప్లగ్గులు కొనుక్కోవచ్చు. నేకెడ్ మీద గాలి హోరుకి చెవి ప్లగ్గులు విలాసం కాదు. ఒంటరిగా, ఎక్కువగా ఘాట్ల వైపు వెళ్తూ, గేర్లు మార్చడంలోనే ఆనందం ఉన్నవాళ్లకి డ్యూక్. దానిమీది క్విక్ షిఫ్టర్ (క్లచ్ పట్టకుండా గేరు మార్చే ఏర్పాటు) పైన చెప్పిన రెండు గేర్లు దించే పనిని తేలిక చేస్తుంది. ఎప్పుడూ ఇద్దరు, సామాను, ఎన్‌హెచ్ 16 లాంటి తిన్నని రోడ్డు అయితే డామినార్, పాతబడిన ఇంజినే అయినా సరే. గేరు దించకుండా 80 నుంచి లాగాలంటే గెరిల్లా, ట్యాంకు చిన్నదని ఒప్పుకుంటే. స్పీడ్ 400 దేనిలోనూ మొదటిది కాదు, దేనిలోనూ చివరిదీ కాదు. ఒకే బండితో ఆఫీసు, ఘాట్, హైవే మూడూ నడవాలంటే మా ఓటు దానికే. సింగిల్ సిలిండర్ వణుకు మాత్రం మీ చేతులకి పడుతుందో లేదో 6,000 ఆర్‌పీఎం దాటించి ఒకసారి చూసుకోండి.

ఏ బండి కొన్నా దారి సంగతి ముందే చూసుకోవాలి. హైదరాబాద్ ఓఆర్ఆర్ ప్రధాన రోడ్డు మీదికి బైకులని రానివ్వరు, సర్వీస్ రోడ్డే గతి. పీవీ నరసింహారావు ఎక్స్‌ప్రెస్ వే మీదా అంతే. బెంగళూరు–మైసూరు ఎక్స్‌ప్రెస్ వే మీద 2023 ఆగస్టు నుంచి ద్విచక్ర వాహనాలకి ప్రవేశం లేదు. సర్వీస్ రోడ్డు అంటే స్పీడ్ బ్రేకర్లు, రాంగ్ రూట్‌లో వచ్చే ఆటోలు, రెండో గేరు, మూడో గేరు. రోజూ మీరు తోలే దారి అదే అయితే 16 పళ్ల స్ప్రాకెట్ ఆలోచన అక్కడితో వదిలేయండి.